లండన్ టవర్‌ను జైలు కోసం కట్టలేదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. లండన్ టవర్ అనే పాత కోటను జైలుగానే కట్టారట, తొమ్మిది వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదట, లోపల వేలమంది తలలు నరికారట. మన కోహినూర్ కూడా అక్కడే బందీగా ఉందట. చరిత్రంటే ఇష్టమున్నవాడిగా చదివి ఊరుకోలేకపోయాను.

జైలు సంగతి ముందు. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం, లండన్ జనాన్ని అదుపులో పెట్టడానికి, తానుండడానికి ఈ కోట మొదలుపెట్టాడు. ఖైదీలు తర్వాత వచ్చారు. 1100లో బంధించిన రానుల్ఫ్ ఫ్లాంబార్డ్ అనే బిషప్, వైన్ పీపాలో దాచి తెప్పించుకున్న తాడు పట్టుకుని మరుసటి ఏడాదే కిటికీలోంచి దిగి పారిపోయాడు! ఇక్కడే ఐదు వందల ఏళ్లకు పైగా నాణేలు ముద్రించారు. 1835 దాకా జంతుశాల కూడా ఉండేది. 1252లో నార్వే రాజు పంపిన తెల్ల ఎలుగుబంటిని గొలుసుతో థేమ్స్ నదికి తీసుకెళ్తే, అది చేపలు పట్టుకుని తినేదట.

చెక్కుచెదరలేదన్న మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఈ కోట అసలు కథే దాని మార్పు. 1240లో మూడో హెన్రీ నడిమి బురుజుకు సున్నం వేయించాడు. వైట్ టవర్ అన్న పేరు అలా వచ్చిందే. 1275 నుంచి పదేళ్లలో మొదటి ఎడ్వర్డ్ బయటి గోడ, కొత్త కందకం కట్టించాడు. బురుజుల నెత్తిన ఉల్లిపాయల్లా కనిపించే గుమ్మటాలు 1530లలోవి. కందకంలో నీరు 1843లో తోడేశారు. ఆ తర్వాత ఆంథొనీ సాల్విన్ అనే ఆర్కిటెక్ట్, మధ్యయుగపు కోట ఇలా ఉండాలి అనుకున్న తీరులో చాలా భాగాలు తిరగకట్టాడు. ఈరోజు ఫొటోల్లో పాతదనుకుని మురిసిపోయే గోడల్లో కొన్ని విక్టోరియా రాణి కాలంనాటివి.

వేలమంది అన్నది అబద్ధం. గోడల లోపల అధికారికంగా తల నరికింది ఏడుగురికే, ఎనిమిదో హెన్రీ రాజు భార్య ఆన్ బొలీన్‌తో సహా. ఇరవయ్యో శతాబ్దపు గూఢచారులతో కలిపి కాల్చి చంపినవాళ్లు 15 మంది. మిగతా శిక్షలు చాలావరకు బయట టవర్ హిల్ అనే గుట్ట మీద, జనం చూస్తుండగా జరిగాయి.

కోహినూర్ మాట నిజమే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే ఆ రాయి, 1937లో చేయించిన రాణి కిరీటంలో అక్కడే ఉంది.