పైకప్పు కింద ఎవరు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకే వేళకు, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి రానున్నదని నగరానికి ముందే తెలుసు. వాతావరణ శాఖ తన పని తాను చేసింది. పైగా గాలి భారాన్ని లెక్కగట్టే జాతీయ నిర్మాణ ప్రమాణం విశాఖకు నిర్దేశించిన మూలవేగం, అంటే కట్టడాల రూపకల్పనకు ఆధారంగా తీసుకునే గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు. గంటల్లోకి మారిస్తే అదీ 180 కిలోమీటర్లే. అంటే ఆ రోజు వీచిన గాలి ఇంజనీర్ల పుస్తకానికి అందనిదేమీ కాదు. ఆ పుస్తకాన్ని అనుసరించి కట్టినవేవి, కట్టనివేవి, కట్టనివాటిలో ఎందరు తలదాచుకున్నారు అన్న వివరమే ఎవరి దగ్గరా లేకపోయింది. రేకులు ఎగిరిపోయిన వీధులను మర్నాడు కాలినడకన తిరిగి లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

విపత్తు నష్టాన్ని ముందుగా అంచనా వేసేవారు మూడు విషయాలను కలిపి చూస్తారు: రాబోయే ముప్పు, దాని దారిలో ఉన్న మనుషులూ కట్టడాలూ, ఆ కట్టడాల బలహీనత. మొదటిదాన్ని పసిగట్టడంలో, 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తిన నాటితో పోలిస్తే, మనం చాలా దూరం వచ్చాం. మిగిలిన రెండింటికీ ఇన్నాళ్లూ 2011 జనగణనే దిక్కయింది. 2021లో జరగవలసిన గణన వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ఖరారైంది. ఈలోగా నిర్మాణ సామగ్రి, సాంకేతికతలను ప్రోత్సహించే కేంద్ర సంస్థ బీఎంటీపీసీ 2019లో వెలువరించిన దేశ విపత్తు దుర్బలత్వ పటాల సంపుటి మూడో కూర్పు సైతం 2011 ఇళ్ల జాబితానే ఆధారం చేసుకుంది. గోడ మట్టిదా, ఇటుకదా, కప్పు పెంకుదా, రేకుదా, కాంక్రీటుదా అని అది జిల్లాల వారీగా చెబుతుంది. నిజానికి అది విలువైన పని. అయితే అప్పటి విశాఖ జిల్లా అంటే అరకు కొండల నుంచి జాలారిపేట ఇసుక దాకా ఒకటే జిల్లా. పాడేరు మన్యంలోని పెంకుటిల్లూ, సముద్రపుటొడ్డున రేకుల ఇల్లూ ఒకే పట్టికలో కలిసిపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా మూడు ముక్కలయ్యాక, ఆ పట్టికను చేతిలో పెట్టుకుని ఏ కలెక్టరైనా ఏ వీధికి పడవ పంపాలో తేల్చుకోలేరు.

ఉపగ్రహ చిత్రాలు ఈ లోటును తీరుస్తాయన్న ఆశ ఇటీవల బలపడింది. గూగుల్ సంస్థ 2023లో విడుదల చేసిన సమాచార నిధిలో ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికాలలో యంత్రం గుర్తించిన సుమారు 180 కోట్ల కట్టడాల ఆకృతులున్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే వరల్డ్‌పాప్ పరిశోధకులు జనగణన అంకెలను వంద మీటర్ల గడులుగా పరిచి, ఏ గడిలో ఎందరుండవచ్చో అంచనా కడతారు. గణన అసలే జరగని, జరిగినా పాతబడిపోయిన దేశాలకు ఇవి కొండంత అండ. మనకూ ఉపయోగమే. కానీ విశాఖలో వంద మీటర్ల గడి అంటే ఒక మూల రోడ్డు, ఇంకో మూల గెడ్డ (వాగు), నడుమ నిటారు కొండవాలు, దాని మీద ఒకరి డాబా ఎత్తున మరొకరి వాకిలి.

నగరంలోని ఏ కొండవాలు కాలనీకైనా వెళ్లి చూడవచ్చు. మెట్ల మొదట్లో గోడకు ఐదు కరెంటు మీటర్లు కనిపిస్తాయి. పైన ఇల్లు ఒకటే. కింద దుకాణం, దాని వెనుక రెండు పోర్షన్లు, మొదటి అంతస్తులో యజమాని కుటుంబం, డాబా మీద రేకుల గదిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అపార్ట్‌మెంటులో కాపలా ఉద్యోగం చేసే మనిషి, అతని భార్య, ఇద్దరు పిల్లలు. ఉపగ్రహానికి కనిపించేది ఆ నీలిరంగు రేకు ఒక్కటే. వార్డు సచివాలయం పథకాల కోసం ఉంచే కుటుంబాల నమోదులో (హౌస్‌హోల్డ్ మ్యాపింగ్) ఆ కుటుంబం సొంతూరి చిరునామాలోనే మిగిలిపోవచ్చు, ఎందుకంటే బియ్యం కార్డు అక్కడుంది, ఆధార్ అక్కడిది. పథకాల పంపిణీకి ఆ ఏర్పాటు సరిపోతుందేమో గానీ, తుపాను రాత్రి ఆ గదిలో నలుగురున్నారన్న సంగతి దానికి తెలియదు.

ఏ అంతస్తులో పడుకున్నారన్నది చిన్న విషయమూ కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద కర్మాగారం నుంచి వెలువడి పన్నెండు మందిని బలిగొన్న స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి గాలికంటే బరువైనది. నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుంది. గెడ్డ పొంగినా మొదట మునిగేది కింది పోర్షనే. అదే ఈదురుగాలి వస్తే ముందు ఎగిరిపోయేది డాబా మీది రేకు. ఒకే ఇంట్లో ఒక ముప్పుకు కిందివారు, మరో ముప్పుకు పైవారు బలవుతారు. పైనుంచి తీసిన ఏ చిత్రమూ ఈ తేడా చెప్పలేదు. పాత కట్టడాలకైతే గాలీ వానా కూడా అక్కర్లేదు. 2023 మార్చిలో, ఉగాది పండుగ జరుపుకున్న రాత్రే, నగరంలోని రామజోగిపేటలో మూడంతస్తుల భవనం కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2011 ఇళ్ల జాబితా ఫారంలో గోడ, కప్పు, నేల దేనితో కట్టారన్న ప్రశ్నలున్నాయి, ఇంటి స్థితి ఎలా ఉందన్న ప్రశ్న ఉంది. ఏ సంవత్సరంలో కట్టారు, ఎన్ని అంతస్తులు అన్నవి లేవు.

ఆ రెండు ప్రశ్నలూ, వాటితోపాటు అట్టడుగు అంతస్తులోనూ పైకొసనూ ఎవరు నిద్రిస్తారు, లేచి నడవలేనివారు ఇంట్లో ఉన్నారా అన్నవీ, ఇంటింటికీ వెళ్లి అడగవలసిందే. 98 వార్డులనూ ఒకేసారి చుట్టబెట్టాలని మేము అనడం లేదు. కొండవాలు వార్డులు, గెడ్డల ఒడ్డు, మత్స్యకార పేటలు, పారిశ్రామికవాడను ఆనుకున్న ఊళ్లతో మొదలుపెడితే చాలు. చట్టం కూడా ఇందుకు దారి వేసింది: 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణ, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసుకునే వీలు కల్పించింది, జాతీయ, రాష్ట్ర స్థాయిల్లో విపత్తు సమాచార నిధులు ఉండాలన్నది. ఆ నిధిలోకి విశాఖ నుంచి వెళ్లేది జిల్లా సగటు అయితే మళ్లీ మొదటికే వస్తాం.

అసలు చిక్కు సాంకేతికమైనది కాదు. పట్టా లేని కొండ ఇంటివారికి, అనుమతి లేకుండా డాబా మీద గది వేసినవారికి, టాబ్ పట్టుకుని వచ్చే ప్రతి మనిషీ నోటీసు తెచ్చినవాడిలాగే కనిపిస్తాడు. అద్దెకున్నవారిని చూపించడానికి యజమాని వెనుకాడతాడు, ఆస్తి పన్ను పెరుగుతుందని. వారి అనుమానాన్ని తప్పుపట్టలేం. జనగణనకైతే 1948 నాటి చట్టంలోని 15వ సెక్షన్ రక్ష ఉంది: ఆ రికార్డులను ఎవరూ తనిఖీ చేయరాదు, కోర్టులో సాక్ష్యంగా చూపరాదు. కార్పొరేషన్ చేసే సర్వేకు అలాంటి కవచమేదీ లేదు. ఒంటరి వృద్ధులుండే ఇళ్ల జాబితా దొంగల చేతిలో పడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

కాబట్టి సర్వే మొదలుకాకముందే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి: ఈ వివరాలను తొలగింపుకు గానీ, పన్నుకు గానీ వాడబోమని, ఇంటి వారీ జాబితా సహాయ బృందాలకు తప్ప మరెవరికీ ఇవ్వబోమని, వీధుల వారీ మొత్తాలను మాత్రమే వార్డు సచివాలయంలో అందరూ చూసేలా ఉంచుతామని. ఆ ఉత్తర్వు ప్రతి తెలుగులో అచ్చయి సర్వే సిబ్బంది చేతిలో ఉండాలి, తలుపు తీసినవారికి ముందు అది చదివి వినిపించాలి. తూర్పు తీరానికి తుపానుల ముమ్మర కాలం అక్టోబరుతో మొదలవుతుంది. ఉత్తర్వు అంతకు చాలా ముందే వెలువడాలి.