మూడో వంతు లెక్క ట్రైనర్‌కు సరే, జెట్‌కు కాదు

"ఏ ఆర్సీ జెట్ అయినా రెక్క ముందంచు నుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్లు పెట్టి లేపండి. ముక్కు కొంచెం వంగితే చాలు. అనుమానముంటే ముక్కులో ఇంకింత సీసం వేయండి, నష్టం లేదు." రిమోట్‌తో ఎగరేసే (ఆర్సీ) మోడల్ విమానం బరువు సమంగా తూగే చోటు, అంటే సీజీ, సరిచూసుకోవడానికని వరంగల్, కరీంనగర్ దోస్తుల వాట్సాప్‌లలో తిరుగుతున్న మెసేజ్ ఇది. పంపేటోళ్ల మనసు మంచిదే, లెక్కే తప్పు.

మూడో వంతు సరే, దేంట్ల మూడో వంతు? ట్రైనర్, అంటే నేర్చుకునేటోళ్ల విమానం, రెక్కకు మొదట్లో, కొసన ఒకటే వెడల్పు, అక్కడ ఈ మాట చెల్లుతుంది. జెట్ రెక్క వెనక్కి వాలి, పోనుపోను సన్నబడుతుంది. దానికి సగటు వెడల్పు ఎంత, అది రెక్క మీద ఎక్కడ పడుతుంది అని చూడాలి. నా డెల్టానే (త్రికోణం రెక్క జెట్) చెప్త. కొస దాదాపు సూది, బాడీ దగ్గర వెడల్పు 600 మిల్లీమీటర్లు. ఈ సగటు మామూలు సగటు కాదు, ఏరోడైనమిక్స్ లెక్కలోది (MAC అంటారు); త్రికోణానికి అది అందులో మూడింట రెండు వంతులు, అంటే 400. అది మొదలయ్యేదే బాడీ దగ్గరి ముందంచు నుంచి 200 వెనక. ఆ 400లో పావు కలిపితే 300. సీజీ దాటకూడని హద్దు, అంటే న్యూట్రల్ పాయింట్, సుమారుగా అక్కడుంటుంది. సీజీ దాన్ని దాటి వెనక్కి పోతే విమానం తనంతట తాను సర్దుకోదు. అందుకే కొంత జాగ్రత్తగా సగటు వెడల్పులో పది శాతం ముందుకు జరిగితే 260. మెసేజ్ చెప్పేది 200. ఆరు సెంటీమీటర్ల తేడా!

ఇగ సీసం సంగతి. గుడ్డి కన్నా మెల్ల నయమన్నట్టు, తోక బరువు కన్నా ముక్కు బరువు నయమే. తోక బరువైతే విమానం చేతికే చిక్కదు. కానీ నష్టం లేదనడం ఎట్ల? నేనూ 200 నమ్మి, బ్యాటరీని ముందుకు నెట్టినా చాలక, 300 గ్రాముల వల గుండ్లు ముక్కులో నింపిన. హసన్‌పర్తి అవతల ఒక వెంచర్ సీసీ రోడ్డు మీద దిగేటప్పుడు స్టిక్ మొత్తం లాగినా ముక్కు లేవలేదు. డెల్టాకు వేరే తోక లేదు కదా, రెక్క వెనకంచులే ఎలివేటర్ (ముక్కును ఎత్తే, దించే పలక); అవి పైకి లేస్తే లిఫ్ట్ కూడా తగ్గుతుంది. ముందు చక్రం కాలు విరిగి, ఫోమ్ గీసుకుంటూ హద్దు రాయి దాకా పోయింది. లోపల గుండ్లు మాత్రం ఒక్కటి కూడా కదల్లేదు.

నిజానికి సీసం కంటే ముందు బ్యాటరీని జరిపి చూడాలి. 3 కిలోల మోడల్‌లో 750 గ్రాముల బ్యాటరీ 20 మిల్లీమీటర్లు జరిగితే సీజీ 5 జరుగుతుంది.

వేళ్ల మీద తూచడమంటారా, వేలు వెడల్పే ఒకటిన్నర సెంటీమీటరు! రెండు పెన్సిళ్ల రబ్బరు కొసలు నయం. రెక్క కిందికుండే మోడల్‌ను తిరగేసి తూచాలి, చక్రాలు గాలిలో ఎట్లుంటయో అట్లనే పెట్టి. కిరోసిన్ టర్బైన్ అయితే పెద్ద ట్యాంకు ఖాళీ చేసి చూడాలి. రెండు లీటర్లంటే 1.6 కిలోలు, ట్యాంకు సీజీకి ముందుంటే, దిగేసరికి ఆ బరువంతా ముక్కు వైపు నుంచి పోయినట్టే.

చివరి సర్దుబాటు ఆకాశంలోనే. బాగా ఎత్తుకు పోయి, 45 డిగ్రీల ఏటవాలులో ఎక్కుతూ తిరగేసి, ఎలివేటర్ వదిలేయండి. ముక్కు వెంటనే నేల వైపు పడిపోతే సీజీ ఇంకా ముందుంది. నాది 255 దగ్గర కుదిరింది. అప్పుడు బ్యాటరీ ఉన్న చోట ట్రేలో ఎర్ర టేపు అంటించిన.