కాయ మాది, మట్ట మీది

కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకో మట్ట రాలుస్తుంది. ఏడాదికి 12 నుంచి 14. ఒక్కోటి 15 అడుగుల పొడుగు, కాస్త పచ్చిదైతే పది కిలోలకి తక్కువ తూగదు. అది రాత్రి రెండింటికి పక్కవాళ్ళ పెంకుటింటి మీద పడిందంటే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. దొంగలు కాదు, తూర్పింటివాళ్ళ మట్టే అని తేలాక ఎవరికీ మళ్ళీ నిద్రపట్టదు. తెల్లారేసరికి ఆ మట్ట ప్రహరీగోడకి ఆనించి ఉంటుంది, ఎవరి సొమ్ము వాళ్ళు పట్టుకెళ్ళండి అన్నట్టు. మధ్యాహ్నానికి మళ్ళీ ఇవతల ఉంటుంది. "మీ ఇంట్లో పడింది కదండీ, మీదేనండి!"

పడింది కాయైతే కథ వేరు.

"పిన్నిగారూ, రాత్రి కాయేమన్నా పడిందాండీ?"

"చప్పుడైతే అయ్యిందమ్మా. కాయ మాత్రం కనపళ్ళేదు."

లోపల మిక్సీ తిరుగుతూంటుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో కాయ రేటు పెరిగిన రోజుల్లో కాయ పడ్డ చప్పుడు కూడా వినపడదు. 50 అడుగుల మీంచి పడే కాయ నేల తాకేసరికి గంటకి 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నెత్తిమీద పడితే చెప్పుకోడానికి మనిషి మిగలడు. అయినా కాయ పడిందని ఫిర్యాదు చేసినవాడు గోదావరి డెల్టాలో అరుదు. ఫిర్యాదులన్నీ మట్టల మీదే.

చట్టం ఈ ఆచారానికి సరిగ్గా అడ్డం తిరిగి ఉంది. హద్దు దాటి మన జాగా మీదికి వచ్చిన కొమ్మని, వాళ్ళ జాగాలో కాలు పెట్టకుండా, హద్దు వరకూ మనం కొట్టుకోవచ్చన్నది ఇంగ్లండులో 1890లలో, అప్పటికి అక్కడి పై కోర్టయిన ప్రభువుల సభ దాకా వెళ్ళి తేలిన మాట. మన కోర్టులూ ఆ దారే పట్టాయి. 1919లో అక్కడే ఇంకొకాయన పక్కింటి ఆపిల్ కొమ్మలు కొట్టి, పళ్ళు అమ్ముకున్నాడు. కొమ్మ కొడితే కొట్టావు, పళ్ళ డబ్బు మాత్రం చెట్టుగలాయనకి కట్టమంది కోర్టు. అంటే మట్టని అడ్డు తీసుకునే హక్కు మనది, కాయ ఆయనది. ఈ రెండో సగం గోడకి ఇవతల ఎవరికీ గుర్తుండదు.

పైగా కొబ్బరికి కొమ్మలెక్కడివి? 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానుకి ఒరిగి, చావకుండా మళ్ళీ తలెత్తిన చెట్లున్నాయి. మొదలు ఒకరి దొడ్లో, తల ఇంకొకరి డాబా మీద. హద్దు వరకూ కొట్టుకోవచ్చు అని అక్కడ గోడకి నిలువుగా గీత గీస్తే, గీతకి అవతల మిగిలేది ఒట్టి మాను. చెట్టుకి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పోతే పక్కనించి చిగురు రాదు. కాబట్టి కొబ్బరి విషయంలో హక్కు వాడుకోవడమంటే చెట్టుని చంపడమే.

అందుకని కొబ్బరికి కోర్టుకన్నా దింపు మేలు. 45 రోజులకోసారి దింపు తీయించి, అంటే మనిషిని ఎక్కించి కాయలు కోయించి, ఎండు మట్టలు లాగించేస్తే సగం తగాదాలు పుట్టవు. పచ్చిమట్ట తప్పనిసరిగా కొట్టాల్సివస్తే మొదట్లో 4 అడుగుల మొరడు వదలాలి. అందంగా ఉంటుందని మాను దాకా నున్నగా చెక్కించేవాళ్ళుంటారు. ఆ పచ్చిగాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు లోపల్లోపలే తొలుచుకుపోతాయి. పైకి చెట్టు నిక్షేపంలా కనిపిస్తుంది. ఓ రోజు తలకాయ విరిగి పడుతుంది, సాధారణంగా ఎవరు చెక్కించమని పోరారో వాళ్ళ వైపు.

మన ప్రతాపమంతా మామిడి దగ్గర. కొబ్బరి ఎక్కడం రాదని ఒప్పుకునే మగాడు మామిడికొమ్మ కొట్టడం రాదని చచ్చినా ఒప్పుకోడు. ముహూర్తం కూడా మే నెలలోనే కుదురుతుంది, కొమ్మ నిండా కాయ బరువుతో ఉన్నప్పుడు, కింద వడియాలు ఎండుతున్నప్పుడు. కాళిదాసు కూర్చున్న కొమ్మనే నరికాడంటారు. మనవాళ్ళు అంతకన్నా తెలివైనవాళ్ళు, నిచ్చెన ఆనించిన కొమ్మని నరుకుతారు. సగం బరువు తెగి పడగానే మిగతా కొమ్మ జానెడు పైకి లేస్తుంది. నిచ్చెన ఆనుకున్న చోటు నిచ్చెనకి అందదు. తర్వాత జరిగేది వీధంతా చూస్తుంది.

నిచ్చెన నిలిచినా గండం గడవదు. పైనుంచి కత్తి వేసుకుంటూ పోతే మూడింట రెండొంతులు తెగేసరికి కొమ్మ తన బరువుకి తానే వంగిపోతుంది. కింద తెగని బెరడు మాను పొడవునా గజమెత్తు చీరుకుంటూ దిగుతుంది. ఆ బెరడే బందులా పట్టుకుని కొమ్మ తలుపులా తిరుగుతుంది, వడియాల వైపు. అందులో ఎర్రచీమల గూడొకటి ఉండనే ఉంటుంది, ఆకులు కుట్టుకుని, బంతంత. అది కొట్టేవాడి మెడ మీద విప్పుకుంటుంది. ముంజేతి మీద పడ్డ సొన సాయంత్రానికి బొబ్బలెక్కుతుంది.

తెలిసినవాళ్ళు ఇదే పని మూడు కోతల్లో చేస్తారు, కత్తితో కాదు, చేతిరంపంతో. మొదటి కోత మానుకి అడుగున్నర దూరంలో, కొమ్మ అడుగునుంచి, మందంలో మూడోవంతు. రెండోది దానికి రెండు మూడు అంగుళాలు బయటికి, పైనుంచి. ఇప్పుడు కొమ్మ ఆ కింది కోత దగ్గరే పుటుక్కున విరుగుతుంది, బెరడు చీరదు. మిగిలిన మొరడుని, మానుకి అంటుకున్నచోట ఉంగరంలా ఉబ్బి ఉండే భాగానికి కాస్త బయటగా, ఉంగరం తెగకుండా కోసేయాలి. ఉంగరం కోస్తే గాయం మానదు, పొడుగ్గా వదిలితే కుళ్ళు లోపలికి దిగుతుంది. కోసినచోట బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద, పూయాలి. తొడ లావు కొమ్మైతే ముందే పై కొమ్మ మీంచి తాడు వేసి, రెండో కొస మానుకి ఓ చుట్టు చుట్టి పట్టుకుంటే మెల్లిగా దిగుతుంది. ఇదంతా కాయ దింపేశాక, జూన్ జూలైల్లో చేయాల్సిన పని. అప్పటికి కోపాలు చల్లారి ఉంటాయి గనక ఎవరూ చేయించరు.

కొమ్మకీ కరెంటు తీగకీ మధ్య సందు తక్కువగా ఉంటే మాత్రం హాస్యం అక్కడితో ఆపాలి. అల్యూమినియం నిచ్చెన వద్దు, ఇనప కొక్కెం దోటి అసలే వద్దు. 1912కి ఫోన్ చేసి, లైన్‌మేన్ వచ్చి, సప్లయి ఆపించి, సరేనన్నాకే చెట్టు మీద చెయ్యి వేయాలి.

ఇంతలో ఎవరో ఒకరు సచివాలయంలో కాయితం పెడతారు. ఒరిగిన చెట్టు మనుషుల మీద పడేలా ఉంటే దాన్ని తీయించమనో, ఊతం పెట్టించమనో ఉత్తరువిచ్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షనే 2024 జూలై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. ఆకులు రాలుతున్నాయి, డాబా చెత్తవుతోంది అంటే ఆ సెక్షను కదలదు. ఇక కొమ్మ కాకుండా చెట్టే మొదలంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. కొన్ని జాతులకి మినహాయింపు పోను మిగతావాటికి అనుమతి కావాలి, సొంత దొడ్లో చెట్టయినా సరే.

పెద్దమనుషులు వచ్చి అడిగే మొదటి మాట: "అసలు హద్దెక్కడండీ?" దాంతో ఇద్దరూ ఒక్కసారే మెత్తబడతారు. సర్వేయరు గొలుసు లాగితే గోడే అడుగు జరిగిందని తేలొచ్చు. 60 అడుగుల గోడ పొడుగునా అడుగు జరిగితే ఆరున్నర గజాల పైమాటే. ఆ అడుగు ఎవరు తిన్నారో తేలడం ఇద్దరికీ ఇష్టం ఉండదు. "ఎందుకులెండి బాబాయిగారూ, ఎప్పణ్ణించో ఉన్న గోడ" అని తూర్పింటాయన, "చెట్టు మాత్రం ఏం చేసిందండీ పాపం" అని పడమటింటాయన. అంతటితో దింపు మనిషికి కబురెళుతుంది.

అతను వచ్చి, మోకు సర్దుకుని, చెట్టెక్కుతుండగా లెక్కలు మొదలవుతాయి.

"మట్టలు సగం మీ వైపే పడుతున్నాయి కాబట్టి కూలి సగం మీరివ్వాలండి."

"ఇస్తానండి. కాయలూ సగం నావైపే పడాలి మరి."

"కాయ చెట్టుదండి."

"మట్ట మాత్రం చెట్టుది కాదాండీ?"

"ఏవండోయ్!" పైనుంచి కేక. "గెల కోసేశానండీ. ఇద్దరూ చెట్టు కిందనించి తప్పుకోండి బాబూ!"