ఆరంతస్తుల నాయకత్వం

పోయిన నెల నెల్లూరులో ఓ హోటల్లో ఒకరోజు నాయకత్వ శిక్షణ పెడితే వెళ్లొచ్చాను. మా అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుణ్ని నేను. ఆరంతస్తులు, ముప్పై ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు, అదీ వారానికి రెండుసార్లు నాలుగో అంతస్తు దగ్గర ఆలోచనలో పడిపోతుంది. ఇంత బాధ్యత నెత్తినున్నవాడికి శిక్షణ తప్పదని సంఘం డబ్బుతోనే వెళ్లాను. చేపల పులుసు బాగుంది, మామిడికాయ ముక్కలు కూడా వేశారు. భోజనాలయ్యాక అందరం కునికిపాట్లు పడుతుంటే తలా ఒక కాగితం ఇచ్చారు. పైన 'మిమ్మల్ని నడిపించే అయిదు విలువలు', కింద 'మీకు దారి చూపిన ముగ్గురు మనుషులు'. ఇంటికెళ్లి నింపి పంపాలట.

విలువలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. సమానత్వం, నిజాయితీ, త్యాగం, సేవ, సమయపాలన. అయిదోది మరీ అతిగా ఉందని కొట్టేశా, నాలుగే ఉంటే కాగితం బోసిగా ఉందని మళ్లీ రాశా. మనుషుల దగ్గరే చిక్కొచ్చింది.

మనకి పేర్లకి కరువా? అసలు మా జిల్లా పేరే ఒక మనిషి పేరు, పక్క జిల్లాదీ అంతే. ముందు పొట్టి శ్రీరాములు అని రాశా. 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహార దీక్షకి కూర్చుని, 58 రోజులు అన్నం ముట్టకుండా డిసెంబర్ 15న ప్రాణం వదిలారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ పని అయిపోయింది, మనకి మిగిలింది విగ్రహానికి దండ వేయడమే. ఆయన గురించి ఇంకో నాలుగు పేజీలు చదవడమే నేను చేసిన పొరపాటు. ఈ పెద్దమనిషి 1946లో మన మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితుల్ని రానివ్వాలని కూడా నిరాహార దీక్ష చేశారు. అంటరానితనం పోవాలని అట్టల మీద రాసి ఒంటికి తగిలించుకుని, చెప్పుల్లేవు, గొడుగు లేదు, నెల్లూరు వీధుల్లో తిరిగేవారట. నెల్లూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా!

అట్ట అనగానే మా లిఫ్టు పక్కన నేను తగిలించిన అట్ట గుర్తొచ్చింది. 'పనివాళ్లు, డెలివరీ బాయ్స్ మెట్లు వాడవలెను. ఇట్లు, అధ్యక్షుడు.' ఆ మాటకొస్తే నాది లామినేషన్ కూడా చేయించాను. అయినా రెండట్టలూ ఒకే మనిషి కాగితంలో ఇమిడేలా కనిపించలేదు. పేరు కొట్టేశా.

తర్వాత టంగుటూరి ప్రకాశం. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచితే బారిస్టరై, మద్రాసులో బోలెడు సంపాదించి, ఆ ప్రాక్టీసు వదిలేసి సంపాదనంతా 'స్వరాజ్య' పత్రికలో పోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు పోలీసు తుపాకీ ముందు ఛాతీ విప్పి నిలబడ్డారు. ఛాతీ వరకు నేనూ రెడీ, ఫ్లెక్సీలో నా ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది. కానీ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా చేసిన మనిషి 1957లో పోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ మిగుల్చుకోలేదంటే మా ట్రెజరర్ ఊరుకోడు. పైగా ఆ పేరు రాస్తే ఎవరో ఒకరు జనరల్ బాడీలో లేచి కార్పస్ ఫండ్ లెక్క అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవ.

పుచ్చలపల్లి సుందరయ్య అని రాసి, వెంటనే ఆలోచనలో పడ్డా. అలగానిపాడు మనిషి, పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లేవారు, మా సెల్లార్ పార్కింగ్ తగాదాలకి ఇంతకన్నా మంచి పరిష్కారం లేదు. కానీ ఆస్తి కమ్యూనిస్టు పార్టీకిచ్చేసి, పేరు చివరున్న కులం తోక కూడా కత్తిరించుకున్నారు. మా కింద లాబీలో ముప్పై నేమ్‌ప్లేట్లున్నాయి. వాటి తోకలు కత్తిరిస్తే సగం బోర్డులు ఖాళీగా కనిపిస్తాయి.

సరే, ఆడవాళ్లలో చూద్దామనుకుంటే దూబగుంట రోశమ్మ తగిలింది. ఇది ఇంకా ప్రమాదం. అక్షరాలు నేర్పుదామని ఊళ్లో రాత్రిబడి పెడితే, ఆడవాళ్లు పలక పట్టుకుని, చదివిన పాఠాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకుని, 1992లో సారా దుకాణం మీద పడ్డారు. మరుసటేడాది రాష్ట్రమంతా సారా బంద్. చదువు వల్ల వచ్చే నష్టాలు ఇలా ఉంటాయి. మా ఇంట్లో పనిచేసే ఆమెకి చదువు రాదు కాబట్టి, నేను అట్ట పెట్టాక కూడా దాని పక్కనే నిలబడి బటన్ నొక్కి హాయిగా లిఫ్టులో వచ్చేది. పది రోజులు అలాగే గడిచింది. ఇంటర్ చదివే కూతురు ఒకరోజు తల్లికి సాయంగా వచ్చి ఆ అట్ట గట్టిగా చదివింది. అప్పట్నుంచి ఆమె అయిదంతస్తులూ మెట్లెక్కుతోంది. మోకాళ్ల నొప్పులు, అంతస్తుకోసారి కూర్చుంటుంది. నాతో ఒక్క మాటన్లేదు.

అన్నది మా ఆవిడ. "ఆ అట్ట మీరు రాసిందేనా?"

"సంఘం నిర్ణయం," అన్నా. నాయకత్వంలో ఇది చాలా ముఖ్యమైన మాట, శిక్షణలో మాత్రం చెప్పలేదు.

మా ఆవిడ తెలుగు ఎం.ఏ. ఆ రాత్రి అడక్కుండానే ఖడ్గ తిక్కన కథ చెప్పింది. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున కాటమరాజు మీద యుద్ధానికి వెళ్లి, ఓడి ఇంటికొస్తే, భార్య చానమ్మ మంచం చాటుగా అడ్డం పెట్టి, స్నానానికి నీళ్లూ పసుపు ముద్దా సిద్ధం చేసిందట. ఇంట్లో అత్తా నేనూ ఇద్దరు ఆడవాళ్లం, నీతో ముగ్గురమయ్యాం, సిగ్గెందుకు, పోసుకో అందట. తల్లి అయితే అన్నంలోకి విరిగిన పాలు పోసింది. నాకు ఈ కథలో అన్యాయం కనిపించింది. పాపం మనిషి పెన్నా ఒడ్డు దాకా అంత దూరం వచ్చాడు, కాస్త కాఫీ అయినా ఇవ్వొద్దా అన్నా. కాఫీ అప్పటికి రాలేదంది.

ఆదివారం సంఘం మీటింగులో అట్ట తీసేసే విషయం పెడతానని ఆమెకి మాటిచ్చా. నిజంగానే పెడదామనుకున్నా. మీటింగు మొదలవగానే మూడో అంతస్తాయన లేచి, అట్ట పెట్టాక లిఫ్టు ఎంత శుభ్రంగా ఉందో, అధ్యక్షుడి చొరవ ఎంత గొప్పదో చెప్పి చప్పట్లు కొట్టించాడు. చప్పట్ల మధ్యలో లేచి అడ్డం చెప్పడం సభా మర్యాద కాదు. తర్వాత టీ ఇచ్చారు, సమోసాలొచ్చాయి, నీళ్ల ట్యాంకర్ బిల్లు మీద చర్చ జరిగింది. అట్ట ఊసు రాలేదు.

ఇంటికొచ్చి కాగితం పూర్తి చేసేశా. దారి చూపిన ముగ్గురు: శిక్షణ ఇచ్చినాయన, మా వార్డు నాయకుడు, మా నాన్న. ఈ మూడు పేర్లకీ ఎవరూ ఆరా తీయరు.

పొద్దున లేచి స్నానానికి వెళ్తే బాత్రూం గుమ్మానికి అడ్డంగా మడత మంచం నిలబెట్టి ఉంది. పక్కకి జరుపుకుని లోపలికి వెళ్లా. బకెట్లో వేడినీళ్లు తోడి ఉన్నాయి, సబ్బుపెట్టెలో సబ్బు లేదు, పసుపు ముద్ద ఉంది. అయిపోయినట్టుంది, సాయంత్రం వచ్చేటప్పుడు రెండు సబ్బులు తేవాలి.