మామగారి తని ఆవర్తనం

ఇండోనేసియాలోని జావా దీవిలో యోగ్యకర్త నగరం నుంచి దక్షిణంగా 27 కిలోమీటర్లు వెళ్తే పరాంగ్‌త్రితిస్ సముద్రతీరం వస్తుంది. దానికి కాస్త ఇవతల, కొండవారన, ఉల్లిమడుల మధ్య ఉన్న ఓ చిన్న పల్లె మా డ్రైవర్ సొంతూరు. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు ఇది వాళ్లకు చదివి వినిపిస్తారు. విన్నా వాళ్లేమీ అనరు. ఏమీ అనకపోవడమే ఆ ఊరితో వచ్చే చిక్కు.

నేను సోలో నగరం దగ్గర ఓ నూలు మిల్లులో పనిచేస్తాను. జావాలో నూలు మిల్లు ఉన్నచోట నలుగురు మనదేశం వాళ్లూ ఉంటారు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా మా మామగారిది. ఆయన తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అక్కడి భజన సమాజానికి మృదంగం ఆయనే. మమ్మల్ని చూడ్డానికి వస్తూ మృదంగం కూడా తెస్తానంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. తర్వాత జరిగిన రభసకు మూలం ఎక్కడుందా అని వెతికితే నాకు అక్కడే దొరికింది.

ఇంట్లో కూర్చుని ఆయనకు తోచడం లేదు. వంటింటి గట్టు, డైనింగ్ టేబులు, ఫ్రిజ్ తలుపు, చేతికందిన ప్రతిదాని మీదా వాయిస్తున్నారు. మా ఆవిడ కూడా ‘నాన్నా, ఇక చాలు’ అనే దశకు వచ్చింది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ తన ఊరికి రమ్మన్నాడు. శనివారం పొద్దున్నే బయల్దేరాం.

జావా పల్లెలో చుట్టాలింటికి వెళ్లినా రాత్రి ఉండేట్టయితే ముందు ‘పాక్ ఎర్తే’ గారికి, అంటే వాడ పెద్దకు, చెప్పుకోవాలి. కొన్ని పదుల ఇళ్లకు ఒక ఎర్తే. రెండో ప్రపంచ యుద్ధంలో జావాను ఆక్రమించిన జపాన్ వాళ్లు ఇరుగుపొరుగును అదుపులో ఉంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. 1945లో జపాన్ వాళ్లు పోయారు గానీ ఎర్తే పోలేదు. పెళ్లి, చావు, సర్టిఫికెట్, కాలవ పూడిక, ఏదైనా ఆయన గుమ్మం తొక్కాల్సిందే.

మేం వెళ్లిన పాక్ ఎర్తే యాభై దాటిన మనిషి, బాతిక్ చొక్కా, మెత్తటి గొంతు. మా పేర్లు పుస్తకంలో రాసుకుంటూ మామగారి వైపు చూసి, "ఈరోజు ఎండ బాగా ఉంది కదా" అన్నారు. టీ వచ్చింది. "ఇంత ఎండలో భుజం మీద బరువు ఉంటే కష్టమే" అన్నారు. వేయించిన వేరుశనగలు వచ్చాయి. "సముద్రం గాలికి శాలువాలు ఎగిరిపోతుంటాయి కూడా" అన్నారు. ఇక లాభం లేదనుకుని డ్రైవర్ నా చెవిలో అసలు సంగతి ఊదాడు. మామగారి భుజం మీదున్నది రిటైర్మెంట్ సన్మానంలో కప్పిన ఆకుపచ్చ శాలువా. ఆ తీరంలో ఆకుపచ్చ దక్షిణ సముద్రపు రాణిగారి రంగు. ఆ రంగు కట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్తే ఆవిడ తనవాడనుకుని లోపలికి తీసుకుపోతుందని నమ్మకం. మాతరాం రాజ్యాన్ని నిలబెట్టిన సేనాపతి అనే రాజు ఆవిణ్ణి కలుసుకున్నది ఇక్కడేనంటూ పరాంగ్‌కుసుమోలో రెండు రాళ్లకు పూలు వేసి మొక్కుతారు. యోగ్యకర్త సుల్తాను కోట నుంచి ఏటా ఆవిడకు బట్టలూ పూలూ పంపి సముద్రంలో వదులుతారు. ఇంత కథ ఉన్నా ‘ఆ శాలువా తీసెయ్యండి’ అనే మూడు ముక్కలు మాత్రం పాక్ ఎర్తే నోట రాలేదు.

మామగారి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఆయన జావాలో కూడా తెలుగే మాట్లాడతారు. అర్థం కావడానికని కాస్త గట్టిగా, ఒత్తి ఒత్తి మాట్లాడతారు. వాళ్లేమో ఏం చెప్పినా తల వంచి ‘ఇంగ్గిహ్’ అంటారు, అంటే చిత్తమండీ అని. "వరి ఎన్ని బస్తాలు పండుతుందండీ?" "ఇంగ్గిహ్." "మీ పెద్దబ్బాయి ఏం చేస్తాడు?" "ఇంగ్గిహ్." మధ్యాహ్నానికల్లా ఊళ్లో అందరికీ తెలుగు వచ్చేసిందని ఆయనకు నమ్మకం కుదిరింది.

దానికి తోడు డ్రైవర్ వాళ్ల నాన్న ఆరోజు ‘శనివారం పోన్’ అన్నాడు. జావా వాళ్లకు ఏడు రోజుల వారం కాక ఐదు రోజుల వారం ఇంకోటి ఉంది: లెగి, పాహింగ్, పోన్, వగె, క్లివోన్. రెండూ పక్కపక్కనే నడుస్తూ 35 రోజులకోసారి కలుస్తాయి. పల్లెల్లో సంత ఈ ఐదింటి లెక్కనే. పిల్లనిచ్చేటప్పుడు ఇద్దరి జన్మదినాల అంకెలు కూడి చూస్తారు. శనివారానికి 9, పోన్‌కు 7, వెరసి 16. లెక్కల మాస్టారు అక్కడికక్కడే పేపరు మీద మా పెళ్లి కూడేశారు. మొత్తం ఎంత వచ్చిందో, దాని ఫలితమేమిటో నాకు చెప్పలేదు, జాలిగా మాత్రం చూశారు. ఆపైన మాతరాం రాజు సుల్తాన్ అగుంగ్ ముచ్చట వచ్చింది. 1633లో ఆయన ఇస్లాం చాంద్రమాన నెలలు తీసుకున్నా, అప్పటికి నడుస్తున్న శక సంవత్సరపు అంకె 1555ను వదలకుండా అక్కణ్ణుంచే లెక్క కొనసాగించాడు. ఇది నేను తెలుగులో చెప్పగానే మామగారు లేచి నిలబడ్డారు. "మన శాలివాహన శకమే కదటయ్యా!" అంటూ డ్రైవర్ వాళ్ల నాన్నను కావలించుకున్నారు. ఆయన "ఇంగ్గిహ్" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ వియ్యంకులకన్నా ఎక్కువైపోయారు.

సాయంత్రం మేం ఇసుక తిన్నెలు చూసొచ్చేసరికి మామగారు వీధిలో కోళ్లకు మేత వేస్తున్నారు. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ గోడకు ఒక చిన్న డబ్బా వేలాడుతుంది, అందులో గుప్పెడు బియ్యం. మన ఇళ్లలో పిచ్చుకలకు వరికుచ్చులు కట్టినట్టే ఇదీ అనుకున్నారాయన. "పిచ్చుకలేవీ రావడం లేదు అల్లుడుగారూ, బియ్యం పురుగు పడుతుందని కోళ్లకు వేస్తున్నా" అన్నారు. అప్పటికే ఎనిమిది ఇళ్ల డబ్బాలు ఖాళీ.

అది ‘జింపితన్’. రాత్రి కావలి తిరిగేవాళ్లు ఇంటింటికీ వెళ్లి ఆ గుప్పెడు బియ్యం పోగుచేస్తారు. అదే ఊరి ఉమ్మడి నిధి. ఎవరింట్లో జబ్బు చేసినా, వీధి దీపం మాడినా అందులోంచే ఖర్చు. కొన్ని ఊళ్లలో ఇప్పుడు బియ్యం బదులు చిల్లర వేస్తున్నారట. ఇక్కడ కూడా చిల్లరే వేసుకుంటే ఎంత బాగుండేదో, కోళ్లు తినవు కదా.

సంగతి తెలిశాక మామగారు నొచ్చుకున్నారు. బియ్యం కొనిస్తానన్నారు. వాళ్లు వద్దన్నారు. "అయితే నష్టపరిహారంగా ఈ రాత్రి కావలి నేనూ కాస్తాను" అని పట్టుబట్టారు. డ్రైవర్ ఆ మాట జావనీస్‌లో చెప్పాడు. కావలి కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని "ఇంగ్గిహ్" అన్నారు. నేను పోయి పడుకున్నాను.

ఇక్కణ్ణుంచి కొంత మామగారు చెప్పింది, కొంత డ్రైవర్ చెప్పింది, చివర్లో కొంత నా కళ్లారా చూసింది.

కావలి గుడిసె వీధి మొగలో ఉంది. చాప, ఫ్లాస్కులో చిక్కటి తియ్యటి టీ, డామినో బిళ్లలు. చూరుకు నిలువుగా వేలాడుతూ మనిషి చెయ్యంత పొడవు దుంగ. లోపల తొలిచి, ముందు సన్నగా చీలిక పెట్టి ఉంటుంది. పేరు కెంతోంగన్. మామగారు వేలి కణుపుతో దాన్ని తట్టారు. మళ్లీ తట్టారు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశారు. "పనస!" అన్నారు. మృదంగం కట్టె కూడా పనసే మరి. ఆ క్షణాన ఆయనకు తెనాలి, భజన మందిరం, వైకుంఠ ఏకాదశి ఉత్సవాలు అన్నీ కళ్లముందు తిరిగి ఉంటాయి.

పక్కనే గోడ మీద బోర్డు. మొదటి వరసలో విడివిడిగా ఒక్కో సున్నా, రెండో వరసలో రెండేసి, తర్వాత మూడేసి, నాలుగేసి, ఐదేసి సున్నాలు. ఎదురుగా ఏదో రాసుంది, భాష రాదు. కానీ మృదంగం లెక్కలో మూడు తిశ్రం, నాలుగు చతురశ్రం, ఐదు ఖండం అని తెలియడానికి భాషెందుకు? "ఎంత సంస్కారమున్న ఊరయ్యా, గతులు గోడ మీదే రాసుకున్నారు" అనుకున్నారు. కర్ర చూపించి, "వాయించవచ్చా?" అని అడిగారు.

"ఇంగ్గిహ్" అన్నారు వాళ్లు. అని, ఆయన్ని గుడిసెలో కూర్చోబెట్టి జింపితన్ వసూలుకు వెళ్లిపోయారు.

ఆ బోర్డు మీద రాసున్నది ఇదీ: ఒక్కో దెబ్బ అయితే హత్య. రెండేసి అయితే దొంగలు. మూడేసి అయితే నిప్పు. నాలుగేసి అయితే ప్రకృతి వైపరీత్యం. ఐదేసి అయితే పశువుల దొంగతనం.

ఒకట్లూ రెళ్లూ చిన్నపిల్లల పాఠాలు కాబట్టి మామగారు నేరుగా చతురశ్రం ఎత్తుకున్నారు. తకధిమి తకధిమి తకధిమి తకధిమి.

ఆ ఊరు ఆ నాలుగు దెబ్బల్ని తేలిగ్గా తీసుకోదు. 2006 మే 27న తెల్లవారుతుండగా వచ్చిన భూకంపంలో 5,700 మందికి పైగా పోయారు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది ఈ బంతుల్ జిల్లానే. డ్రైవర్ వాళ్ల ఇల్లు కూడా అప్పుడు కూలి మళ్లీ కట్టిందే. రెండు నెలలు తిరక్కుండానే జూలై 17న ఇదే తీరంలో పడమటివైపు పంగందరాన్ దగ్గర సునామీ వచ్చింది. అందుకే కొండకు దారి చూపే బాణం గుర్తులు ప్రతి మలుపులోనూ ఉంటాయి. ఏ ఇంటివాళ్లు ఎవర్ని మోసుకెళ్లాలో ముందే అనుకుని ఉంటారు.

వీధిలో దీపాలు టపటపా వెలిగాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఇంత రాత్రివేళ రసికులు లేచి వస్తున్నారని మామగారికి ఒళ్లు పులకరించింది, వేగం పెంచారు. పక్క ఊళ్లో కెంతోంగన్ అందుకుంది. ఇక్కడ మోగింది విని అక్కడా మోగించడం వాళ్ల పద్ధతి. మామగారు దాన్ని ఎదురు వాద్యమనుకున్నారు. "వాడెవడో గానీ కాలప్రమాణం బాగుంది" అని మెచ్చుకున్నారు కూడా.

నేను లేచి బయటికి వచ్చేసరికి మా ఆవిడ అప్పటికే ఓ ముసలమ్మ చెయ్యి పట్టుకుని కొండ దారిలో ఉంది. మోటార్‌సైకిళ్ల మీద ముగ్గురేసి, నలుగురేసి. ఒకాయన ఓ చంకలో మనవణ్ణి, ఇంకో చంకలో పందెం పుంజును పెట్టుకుని పరుగు. ఇద్దరు కుర్రాళ్లు ఫోనులో బీఎంకేజీ, అంటే వాతావరణం, భూకంపాలు చూసే ప్రభుత్వ సంస్థ, ప్రకటన చూసి "భూకంపం ఎక్కడా లేదే" అన్నారు. వాళ్ల నాయనమ్మ ఇద్దరి వీపు మీదా చెరొకటి చరిచి ముందుకు తోసింది. ఫోను మాట ఎవడు వింటాడు, కెంతోంగన్ మోగుతుంటే!

జనం వెళ్లిపోతుండడం మామగారు గమనించారు. ఒకే గతి విని విసుగెత్తిందేమోనని తిశ్రంలోకి మార్చారు. తకిట తకిట తకిట.

వెళ్లేవాళ్లలో సగం మంది గిర్రున వెనక్కి తిరిగారు. ‘నిప్పు, నిప్పు’ అని కేకలు. బకెట్లు, బిందెలు, ఉల్లిమడులకు నీళ్లు పోసే జంట డబ్బాలు కావడితో సహా వచ్చాయి. తిశ్రం జనానికి నచ్చిందని మామగారు సంబరపడ్డారు. ఆ ఊపులో, ఇక తన విద్వత్తు చూపిద్దామని ఖండం అందుకున్నారు. తకతకిట తకతకిట.

బకెట్లన్నీ ఎక్కడివక్కడ దిగిపోయాయి. మగవాళ్లంతా కర్రలు తీసుకుని కొట్టాల వైపు లగెత్తారు. ఎవరి మేకను వాళ్లు పట్టుకుంటే సరిపోయేది, చీకట్లో ఎవరి మేకను ఎవరు పట్టుకున్నారో తెలియక కాసేపు ఊరంతా ఒకరికొకరు దొంగలయ్యారు. పక్క ఊరు మాత్రం పాపం ఇంకా చతురశ్రంలోనే ఉంది.

నేను రొప్పుతూ గుడిసె చేరేసరికి మామగారి ముందు ఒక్క నరమానవుడు లేడు. కాళ్ల దగ్గర ఒక కోడి ఉంది, సాయంత్రం బియ్యం తిన్నవాటిలో ఒకటయ్యుండాలి.

"ఖండం అందరికీ ఎక్కదు అల్లుడుగారూ" అన్నారాయన చెమట తుడుచుకుంటూ. "మిశ్రం వేద్దామా అని చూస్తున్నా."

ఏడు దెబ్బలకు ఆ బోర్డులో అర్థం లేదు. అయినా కర్ర లాక్కున్నాను.

అప్పటికి పాక్ ఎర్తే జనం లెక్క కాగితంతో, మెడలో మెగాఫోనుతో వచ్చారు. డ్రైవర్ తల దించుకుని జరిగింది చెప్పాడు. చుట్టూ ఊరు ఊరంతా చేరింది. నాకు టెన్షన్‌తో నోరెండిపోయింది. మామగారికి అప్పుడే బోర్డు అర్థం తెలిసింది, ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

పాక్ ఎర్తే కాసేపు కెంతోంగన్‌ను చూశారు. తర్వాత మామగారి దగ్గరికి వచ్చి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఎయాంగ్‌కు (తాతగారికి) నిద్రపట్టినట్టు లేదు. మా ఊళ్లో దోమలు ఎక్కువ. క్షమించాలి" అన్నారు.

అంతే. అక్కడితో అయిపోయింది. ఆడవాళ్లు ఎలాగూ లేచాం కదా అని పొయ్యిలు ముట్టించారు. కొండ మీది వాళ్లు దిగొచ్చేసరికి అరటికాయ ముక్కలు నూనెలో వేగుతున్నాయి. పక్క ఊరికి ‘అంతా క్షేమం’ అని తెలపాలి కాబట్టి, ఎగిరే పావురం పేరు పెట్టుకున్న దరువు ఒకటుంది, కావలి కుర్రాళ్లు అది వాయించారు. మామగారు దూరంగా కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని విన్నారు. మధ్యలో ఒకచోట మాత్రం "భేష్" అన్నారు.

పొద్దున పాక్ ఎర్తే ఒక కాగితం పట్టుకొచ్చారు. రాత్రి జరిగింది ముందస్తు సూచన లేని సునామీ విన్యాసమట, ముసలివాళ్లతో సహా ఊరు కొండ చేరడం ఇంత తొందరగా మునుపెప్పుడూ కాలేదట. ‘శిక్షకుడు’ అన్నచోట మామగారు సంతకం చెయ్యాలట. ఆయన కళ్లజోడు సర్దుకుని, తెలుగులో, డిగ్రీలతో సహా చేశారు.

బయల్దేరేటప్పుడు డ్రైవర్ వాళ్ల నాన్న మామగారిని మళ్లీ ఎప్పుడొస్తారని అడిగాడు. ఆయన కూడా వేళ్ల మీద లెక్కేసి, 35 రోజుల తర్వాత ఇదే శనివారం పోన్‌నాడు వస్తానన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో "ఇంగ్గిహ్" అన్నారు. కారు మలుపు తిరిగాక డ్రైవర్ నాకు మెల్లగా చెప్పాడు, ఆ రాత్రికి కెంతోంగన్ కర్రను పాక్ ఎర్తే గారి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలని అప్పుడే నిర్ణయమైపోయిందట.