గోంగూర ఎరుపు, పసుపు గోళీ, ఫ్యాటీ లివర్

గోంగూరను మూకుడులో వేసిన రెండు నిమిషాల్లోనే దాని నిగనిగలాడే పచ్చదనం పోయి ఆకు మట్టిరంగుకు తిరుగుతుంది. ఆకులోని పులుపు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడగొట్టడమే అందుకు కారణం. అదే మొక్క పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే ఎర్రని రక్షకపత్రాలను వేడినీళ్లలో వేస్తే మాత్రం ఎరుపు చెక్కుచెదరదు. ఆ ఎరుపు ఆంథోసయనిన్లనే సహజ వర్ణకాలది. నేరేడు పండు తిన్నప్పుడు నాలుకకు అంటే ఊదారంగూ ఈ కుటుంబానిదే.

స్థూలకాయానికి, కాలేయంలో పేరుకునే కొవ్వుకు (ఫ్యాటీ లివర్‌కు) ఇలాంటి సహజ వర్ణకాలే విరుగుడని కొన్నేళ్లుగా వినిపిస్తున్న వాదనకు పునాది లేకపోలేదు. అధిక కొవ్వు ఆహారం పెట్టిన ఎలుకలకు ఊదారంగు మొక్కజొన్న నుంచి తీసిన వర్ణకం ఇస్తే అవి అంతగా లావెక్కలేదని 2003లో జపాన్ పరిశోధకులు చూపించారు. తైవాన్‌లో 2014లో వెలువడిన మరో అధ్యయనంలో, ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 27, అంతకుమించి ఉన్న 36 మందిపై గోంగూర జాతి మొక్క సారాన్ని 12 వారాలపాటు పరీక్షించగా, దాన్ని తీసుకున్నవారిలో బరువుతోపాటు కాలేయపు కొవ్వూ కొంత తగ్గింది. అయితే 36 మంది, మూడు నెలలు అన్న కొలతలను దృష్టిలో పెట్టుకునే ఆ ఫలితాన్ని చదవాలి. అది సారంతో చేసిన పరీక్షే తప్ప, నూనె తేలే మన గోంగూర పచ్చడితో చేసింది కాదు.

ఎలుకలో కనిపించిన ఫలితం మనిషిలో పలచబడటానికి ముఖ్య కారణం పేగుల్లోనే ఉంది. మనం తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నరూపంలో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. మిగతాదాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు చిన్నచిన్న ఆమ్లాలుగా విరగ్గొడతాయి. కాబట్టి పరీక్షనాళికలో కాలేయకణంపై గాఢంగా పోసిన వర్ణకం చేసే పని, పళ్లెంలోని వర్ణకం చేస్తుందని నమ్మడం తొందరపాటు. పసుపు సంగతీ అంతే. అరచెంచా పసుపులో దాని రంగుకు మూలమైన కర్‌క్యుమిన్ సుమారు 45 మిల్లీగ్రాములకు మించదు. ప్రయోగాల్లో వాడేది తరచూ 500 నుంచి 1500 మిల్లీగ్రాములు.

ఈ తేడాను పూడ్చడానికే పసుపు గోళీలు పుట్టాయి, చిక్కంతా అక్కడే. మిరియాల్లోని పైపరిన్‌ను కలిపి ఇస్తే మనుషుల రక్తంలో కర్‌క్యుమిన్ లభ్యత సుమారు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపాక ఆ జోడీ మార్కెట్‌లో స్థిరపడింది. శరీరం సహజంగా వద్దని వదిలేసేదాన్ని బలవంతంగా లోపలికి పంపితే ఆ భారం మోయాల్సింది కాలేయమే. అమెరికాలో 2004 నుంచి 2022 వరకు పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను వైద్యులు నమోదు చేశారు. వారిలో ఒకరు మరణించారు, ఏడుగురిలో ఒకే జన్యురూపం కనిపించింది, అంటే ఈ ముప్పు కొందరికి పుట్టుకతోనే ఎక్కువ కావచ్చు. ఇటలీ, ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థలూ హెచ్చరికలు జారీ చేశాయి. ఇవి అరుదైన కేసులే, కూరలో వేసే పసుపుకు వీటితో సంబంధం లేదు. కానీ కాలేయాన్ని కాపాడుకుందామని మింగిన గోళీయే దాన్ని దెబ్బతీయడం చిన్న విషయం కాదు.

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందిలో ఫ్యాటీ లివర్ కనిపించిందని 2025లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గంటల తరబడి కుర్చీలో కూర్చుని, రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకునే జీవనానికి నేరేడు రసం చెక్ పెడుతుందా? బరువులో 5 శాతం తగ్గితే కాలేయపు కొవ్వు, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతాయన్నది ఇంతకంటే గట్టిగా రుజువైన విషయం. నా దృష్టిలో వర్ణకాల అసలు ఉపయోగం ఇక్కడే ఉంది: తెల్లన్నం సగం తగ్గించి ఆ చోట తోటకూర, బీట్‌రూట్, వంకాయ చేరితే రంగుతోపాటు పీచూ వస్తుంది, పిండిపదార్థం తగ్గుతుంది. అందులో మేలు ఎంత వర్ణకానిది, ఎంత తగ్గిన అన్నానిది అని విడదీయడం పరిశోధకులకే కష్టం. తినేవాడికి ఆ లెక్కతో పనిలేదు.

గోళీ వాడేవారికి మాత్రం ఒక లెక్కతో పని ఉంది. "ఏమేం మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ అడిగితే బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి, పసుపు గోళీని మందుగా లెక్కించక వదిలేసేవారు ఎందరో.