మెస్ బిల్లు మింగేస్తున్న హాజరు

అనంతపురంలో పీజీ చదివిన రోజుల్లో నెల మొదటి వారం వచ్చిందంటే హాస్టల్ నోటీసు బోర్డు వైపు పోవాలంటేనే టెన్షన్. రూమ్ నంబరు, పేరు, ఎదురుగా మెస్ బాకీ. మాది డివైడింగ్ మెస్. సరుకులకు, గ్యాసుకు, వంటవాళ్ల జీతాలకు ఆ నెల ఎంతయితే అంత కూడి, తిన్నవాళ్ల మీద పంచేవాళ్లు. ఉల్లిగడ్డ ధర పెరిగితే మా బిల్లూ పెరిగేది. మూడు నెలలు దాటినా కట్టనివాళ్ల పేర్ల కింద ఎర్ర ఇంకుతో గీత ఉండేది. వచ్చేపోయే ప్రతివాడికీ ఆ గీతే ముందు కనపడేది.

నా రూమ్మేట్‌ది కర్నూలు జిల్లా పడమటి పల్లె. ఆ వైపు ఊళ్లలో వలసను ‘సుగ్గి’ అంటారు. వానలు ముఖం చాటేస్తే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. వాళ్ల అమ్మానాన్న ఏటా పోయేవాళ్లు. ఓ ఫిబ్రవరిలో మావాడూ బ్యాగు సర్దుకున్నాడు. క్లాసులు జరుగుతున్నాయి కదరా అంటే, ‘పదిహైదు రోజులు మెస్ కట్ వస్తాది, పైగా కూలీ వస్తాది. హాజరు సంగతి తర్వాత చూద్దాంలేప్పా’ అన్నాడు. మెస్‌లో తినని రోజులకు బిల్లు తగ్గించడమే మెస్ కట్.

తిరిగొచ్చిన రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాడు. మిరపకాయల ఘాటుకు వేళ్లు మండి అన్నం కలుపుకోలేకపోయాడు, స్పూనుతో తిన్నాడు. సెమిస్టర్ చివర లెక్క చూస్తే అతని హాజరు 75 శాతానికి కొంచెం తక్కువ. మా దగ్గర 65కు, 75కు మధ్య ఉంటే కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయనిచ్చేవాళ్లు. అంతకన్నా తగ్గితే సెమిస్టర్ పోయినట్టే. కోతలో సంపాదించిన దాంట్లో కొంత ఆ ఫీజుకే పోయింది. మెస్ కట్‌తో మిగిలిందనుకున్నది ఇటు ఖర్చయింది.

హాజరు ఎందుకు తగ్గుతోందని అధ్యాపకులు అడిగితే సెల్‌ఫోన్ అనీ, సినిమాలనీ, బాధ్యత లేదనీ అంటుంటారు. అలాంటివాళ్లూ ఉంటారు, కాదనను. కానీ మన జిల్లాల్లో చాలామంది క్లాసు ఎగ్గొట్టడం వెనక ఇంటి లెక్క ఒకటి ఉంటుంది. శెనక్కాయ పీకే రోజుల్లో ఇంటికాడ ఇద్దరు మనుషుల కూలీ మిగలాలి. శనివారం, ఆదివారం అనంతపురంలో క్యాటరింగ్ పని దొరికితే సోమవారం కళ్లు తెరుచుకోవు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. రెండు నెలలు బాకీ పడితే చాలు, ‘ఇంటికి పిలిపించేద్దాం’ అనే మాట వచ్చేస్తుంది. ఆ మాట వెనకే పెళ్లి మాట వస్తుంది.

సీమలో చదువు అందుబాటులోకి రాలేదని ఎవరూ అనలేరు. అనంతపురంలో 1968లో ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలైనది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడపలో 2006లో యోగి వేమన, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. అనంతపురం జేఎన్‌టీయూ అదే 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. క్యాంపస్ పల్లె దగ్గరికి వచ్చింది గానీ, క్యాంపస్‌లో నెల గడవడం ఎలాగన్నది ఆ పల్లె పిల్లలకే వదిలేశారు.

సాయం లేదని కాదు. హాస్టల్, తిండి ఖర్చుల కోసం 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆపై చదువులవాళ్లకు ఏడాదికి 20 వేలు, రెండు విడతల్లో ఇస్తామన్నారు. పది నెలలకు పంచితే నెలకు 2 వేలు, రోజుకు 66 రూపాయలు. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం అందులోనే. అదైనా నెలనెలా వస్తే ఎలాగో సర్దుకోవచ్చు. మెస్ బిల్లు నెలకోసారి వస్తుంది, ప్రభుత్వ డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఆ నెలలు నడిపేది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ.

మన రాజకీయ చర్చంతా డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్న దాని మీదే. 2021లో ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఏ తేదీన వేస్తారన్న దాని మీద ఎవరూ పట్టుబట్టరు. నాకు కోపం తెప్పించేది ఇక్కడే. పరీక్ష ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే విద్యార్థికి ఫైన్ పడుతుంది. రీయింబర్స్‌మెంట్ ఏడాది ఆలస్యమైనా పైవాళ్లలో ఎవరికీ ఏ ఫైనూ పడదు.

చేయగలిగినవి పెద్ద పనులేం కావు. రీయింబర్స్‌మెంట్‌కు అర్హులని తేలినవాళ్ల మెస్ బాకీని విశ్వవిద్యాలయమే ఓ నిధి పెట్టి ముందుగా సర్దాలి, ప్రభుత్వ డబ్బు వచ్చాక అందులో జమ చేసుకోవచ్చు. సుగ్గి, కోతల రోజుల్లో హాజరు తగ్గినవాళ్లకు కండోనేషన్ ఫీజు మాఫీ చేసి, సాయంత్రం క్లాసులతో ఆ గంటలు పూడ్చాలి. నోటీసు బోర్డు మీద పేర్లు అంటించడం ఈ రోజే ఆపాలి, దానికి రూపాయి ఖర్చు కూడా లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. బాకీ ఉందని టీసీ, మార్కుల మెమోలు ఆపడాన్నీ అంతే గట్టిగా నిషేధించాలి.

నా రూమ్మేట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. బీఈడీ సీటు వచ్చింది. టీసీ కావాలంటే నో డ్యూస్ మీద హాస్టల్ ఆఫీసు సంతకం కావాలి, ఆ సంతకానికి ఐదు నెలల మెస్ బాకీ కట్టాలి. వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది. ఆమే వెంట వచ్చి, కౌంటర్ దగ్గర నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. సంతకం చేయించుకుని టీసీ పట్టుకుని మావాడు బస్సెక్కేసరికి కాలేజీలో చేరే గడువు దాటి రెండు రోజులైంది.